నీలిరంగు సాక్షి

ముక్కుగారి ముక్కు గురించి జనం చెప్పుకునే మాటల్లో సగం అబద్ధాలు, మిగతా సగం అంతకన్నా పెద్ద అబద్ధాలు. ఎదురింట్లో పాలు పొంగబోతుంటే ఈయన మంచం మీద పడుకునే "స్టవ్ కట్టెయ్యమ్మా" అని కేకేసేవాడట. ఒకసారి జలుబు చేసి తుమ్మితే వీధి చివర దండెం మీద బట్టలు ఆరిపోయాయట. దొంగ ఏ సబ్బుతో స్నానం చేశాడో, అసలు చేశాడో లేదో కూడా కిటికీ ఊచ వాసన చూసి చెప్పేవాడట. గుమ్మానికి డిటెక్టివ్ అని ఇంత బోర్డు పెట్టుకున్నా ఆయన్ని ఎవ్వరూ డిటెక్టివ్ గారూ అనలేదు. ముక్కుగారూ అనే అన్నారు. చివరికి ఆయనే అలవాటుపడి, ఫోనెత్తి "ముక్కుని మాట్లాడుతున్నా" అనడం మొదలెట్టాడు.

అంతటి ముక్కు ఆ ఉదయం వరి పరిశోధన కేంద్రంలోని అద్దాల షెడ్డు గుమ్మంలో నిలబడి, గట్టిగా గాలి పీల్చి, మళ్ళీ పీల్చి, ఏమీ దొరక్క తెల్లమొహం వేసింది.

లోపల వరి మొక్కలు చచ్చిపోతున్నాయి. వాటి చావుకి వాసన లేదు. కుళ్ళు కంపు లేదు, పురుగుమందు ఘాటు లేదు, కాలిన కమురు కూడా లేదు. తడి ఇసుక వాసన, వేడెక్కిన అద్దం వాసన, అంతే. వాసన లేని నేరం ఆయన వృత్తిలో ఇదే మొదటిది.

"రా బావా, రా. ఆలస్యంగా వచ్చావు, అయినా పర్లేదు. కేసు అయిపోయింది."

ఆ గొంతు ఇన్‌స్పెక్టరుది. ఇన్‌స్పెక్టరు అంటే ఎవరో కాదు, ముక్కుగారి సొంత బామ్మర్ది, భార్యకి తోడబుట్టిన తమ్ముడు. పెళ్ళిలో బావగారి చెప్పులు దాచి దొరికిపోయిన రోజు నుంచీ ఇద్దరికీ పోటీయే. ఈయన కనిపెట్టిన దొంగని ఆయన పట్టుకున్నానంటాడు, ఆయన పట్టుకున్న దొంగ దొంగే కాదని ఈయనంటాడు. మధ్యలో ఆ ఇల్లాలు నలిగిపోతుంది.

"ఏరా, ఎవర్ని పట్టుకున్నావు?"

ఇన్‌స్పెక్టరు గడ్డంతో చూపించాడు. మూలన నీళ్ళ ట్యూబు చుట్టే ఇనుప చక్రానికి బేడీతో కట్టేసి ఉన్నాడు చుక్కల తాత. ఈ షెడ్డుకి నీళ్ళు పెట్టేది ఆయనే. చుక్క ఎక్కువ కాకుండా, చుక్క తక్కువ కాకుండా పెడతాడని ఆ పేరు. తాత కింద కూర్చుని, బేడీ లేని చేత్తో పక్కనే ఉన్న కుండీలో ఎండుటాకు తుంచుతున్నాడు. చచ్చిన మొక్కకి ఇంకా సేవ చేస్తున్నాడు.

తెల్లారగట్ల ముక్కుగారి తలుపు కొట్టింది ఈ తాత భార్యే. పాపం, మాటకో దగ్గు. "మా ఆయన మొక్కలకి పాలుపట్టినట్టు పట్టాడు బాబూ, చంపుతాడా? జైల్లో వేస్తే ఈ వయసులో తిరిగిరాడు" అని మెట్ల మీదే కూలబడింది. ఒంటిగంటకి పోలీసు వ్యాను వస్తుంది. ఈలోపు తేలకపోతే తాత వ్యాన్లో ఎక్కుతాడు.

"ఒంటిగంట దాకా నాకు వదులు" అన్నాడు ముక్కుగారు.

"వదలకపోతే అక్క చేత చెప్పిస్తావుగా. కానీ, కానీ." ఇన్‌స్పెక్టరు చంకలో ఉన్న నీళ్ళ సీసా మూత తిప్పి గటగటా తాగాడు. "తాగుతావా? మా ఇంటి నీళ్ళు. మా క్వార్టర్స్ నీళ్ళు ఒక్కసారి తాగితే ఇంకే నీళ్ళూ నోటికెక్కవు. అక్క కూడా అదే అంటోంది."

"మీ అక్క ఎప్పుడొస్తుందో కూడా ఏమైనా అంటోందా?"

"మా ఆవిడకి పురుడొచ్చాకే, అందాకా మా ఇంట్లోనే. నువ్వే వండుకుంటున్నావటగా? మొహం చూస్తే తెలుస్తోందిలే."

ముక్కుగారు వినిపించుకోనట్టు తాత ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"తాతా, మొక్కలకి ఎరువు కలిపావని వీడంటున్నాడు. కలిపావా?"

"రామరామ! ఇది ఆకలి షెడ్డు బాబూ." తాత కళ్ళు నీళ్ళతో నిండాయి. "ఇక్కడ మొక్కలకి ఫాస్ఫేటు పెట్టకూడదు. ఆకలితో ఉంచి, ఏది తట్టుకుంటుందో చూస్తారు డాక్టరమ్మగారు. లోపలికొచ్చేముందు సబ్బుతో చెయ్యి కడిగినా తిడతారు. సబ్బులో అది ఉంటుందట. నేను ఇంట్లో కూడా సబ్బు మానేశాను. మా ఆవిడ నన్ను వరండాలో పడుకోమంది."

"మరి ఇంట్లో ఎరువు బస్తా ఎందుకుంది?" ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. "అదే ఫాస్ఫేటు. సగం ఖాళీ."

"గులాబీలకి బాబూ. గుమ్మం ముందు కుండీలున్నాయి."

"ట్యాంకు నీళ్ళు పరీక్ష చేస్తే నీలంగా తిరిగాయి. ఫాస్ఫేటు ఉంటేనే నీలం. ఇదేం గులాబీల లెక్క?"

ముక్కుగారు తాత చెయ్యి పట్టుకుని వెల్లకిలా తిప్పాడు. అరచేతి నిండా సజ్జగింజలంత గట్టి పొక్కులు. రంగు కూడా మచ్చలు మచ్చలుగా ఉంది.

"ఏంటివి?"

"ట్యూబు పట్టుకుని పట్టుకుని కాయలు కాశాయి బాబూ. అరికాళ్ళకీ ఉన్నాయి."

"అరికాళ్ళతో కూడా ట్యూబు పట్టుకుంటావా తాతా?"

తాత తన అరికాలు తిప్పి చూసుకున్నాడు. ఆ సంగతి ఆయనకి అంతవరకూ తట్టినట్టు లేదు.

"ఎరువులో నానిన చేతులు బావా అవి. ఇంకో సాక్ష్యం" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఉచితంగా దొరికినందుకు సంతోషిస్తూ.

ఈ షెడ్డు యజమానురాలు అన్నట్టుగా ఉండేది వేర్ల డాక్టరమ్మ. మనుషుల డాక్టరు కాదు, మొక్కల వేర్లు ఏం తింటాయి, ఎలా తింటాయి అన్నది ఆవిడ చదువు. పెళ్ళి మాట ఎత్తితే "వేర్లు చూసుకుని వస్తా" అని వెళ్ళి మళ్ళీ రాని మనిషట. ఆవిడ బల్లకి ఆనుకుని నిలబడింది. ఏడ్చిన కళ్ళు. తాత వైపు చూడటం లేదు.

"అమ్మా, నేను చదువుకోలేదు" అన్నాడు ముక్కుగారు. "చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి. చచ్చినవేవి, బతికినవేవి?"

ఆవిడ నడిచింది. ఆయన వెనకే నడిచాడు. ఇన్‌స్పెక్టరు ఇద్దరి వెనకా.

"ఇవి తిండిపోతులు. మేం పెట్టుకున్న పేరు." మొదటి బల్ల మీద మొక్కలన్నీ ఎండుగడ్డిలా వాలిపోయి ఉన్నాయి. "చూడండి, ఫాస్ఫేటు మట్టిలో ఉన్నా మట్టిని పట్టుకుని ఉంటుంది, ఓ పట్టాన ఊడిరాదు. ఆకలేసిన వేరు ఊరుకోదు. నూగు పెంచుతుంది, పులుపు కక్కి మట్టిని వదులుచేస్తుంది. ఆకలేసిందని కనిపెట్టే జీన్ ఒకటుంది. అది నిద్రలేచి మిగతా జీన్లని లేపుతుంది. అవి వేరు పొడుగునా తలుపులు చేయించి పెడతాయి. ఫాస్ఫేటు ఆ తలుపుల్లోంచే లోపలికి రావాలి. కడుపు నిండాక, ఇక చాలు అనే జీన్ ఇంకోటి ఉంటుంది. అది తలుపులు పీకించేస్తుంది."

"మా ఇంట్లో ఆ చాలు అనే జీన్ మా ఆవిడ" అన్నాడు ముక్కుగారు.

డాక్టరమ్మ నవ్వబోయింది, నవ్వు సగంలోనే ఆగిపోయింది. "తిండిపోతుల్లో ఆ చాలు అనే జీన్‌ని పనిచెయ్యకుండా చేశాం. ఎప్పుడూ తలుపులు బార్లా తెరిచే ఉంటాయి. ఎరువు కొనలేని చవుడు నేలలో కూడా ఇవి పండుతాయని... నా జుట్టు నెరిసింది వీటి మీదే."

"ఇవే మొదట పోయాయా?"

"ఇవే. పక్కవి మామూలు వరి. పసుపెక్కుతున్నాయి, ఇంకా పోలేదు. ఆ చివర బల్ల మీదవి తలుపుల్లేనివి. తలుపులు చేయించే జీన్ విరిగిపోయిన రకం. తిండి లోపలికి పోక ఎప్పుడూ ఈసురోమంటూ ఉంటాయి. పోల్చి చూడటానికి పెంచుతాం."

ముక్కుగారు చివర బల్ల దగ్గర ఆగాడు. ఆ పీల మొక్కలు, ఎప్పుడూ ఈసురోమనే ఆ మొక్కలు, ఈ చావులన్నిటి మధ్యా సన్నగా, పచ్చగా నిలబడి ఉన్నాయి.

"అదిగో అవతలి వరస? నిగనిగలాడుతోందే?"

"దానికి మేమే ఫాస్ఫేటు పెడతాం. అదీ మామూలు వరే. కడుపునిండిన మొక్క ఎలా ఉంటుందో చూడటానికి."

"నీళ్ళు?"

"అన్నిటికీ ఒకటే ట్యాంకు."

ముక్కుగారు ముక్కు తడుముకున్నాడు. ఆలోచన వస్తే ఆయన చెయ్యి అక్కడికే పోతుంది. "అమ్మా, ఒక బుద్ధితక్కువ ప్రశ్న. తాత ట్యాంకులో ఫాస్ఫేటు కలిపాడే అనుకోండి. ఆకలిగొన్నవాడికి అన్నం పెడితే లావెక్కుతాడా, చస్తాడా?"

"ఎక్కువ తింటే చావచ్చు" అని ఇన్‌స్పెక్టరు అడ్డొచ్చాడు. "తలుపులు తెరిచే ఉన్నాయన్నారుగా. తిండిపోతులు తిని తిని పగిలిపోయాయి. మేడమ్‌గారే నిన్న నాకు చెప్పారు, అలా కూడా అవుతుందని."

"అవుతుంది" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"అయితే మామూలువాటికేమైంది? వాటికి చాలు అనే జీన్ ఉందిగా? అవెందుకు పసుపెక్కాయి? వాటిలాంటివే అవతల వరసలో ఫాస్ఫేటు తింటూ పెళ్ళికొడుకుల్లా ఉన్నాయే?"

"బావా, నువ్వు మొక్కల్ని కూడా విచారిస్తావా ఏంటి? వాంగ్మూలం తీసుకో, వేలిముద్ర వేయించుకో!"

"నీ సాక్షులకన్నా నయం. ఇవి మాట మార్చవు."

ఇన్‌స్పెక్టరు ముఖం ఎర్రబడింది. డాక్టరమ్మ మాత్రం ఈ మాటలేవీ వినడం లేదు. ఆవిడ చూపు తిండిపోతుల మీద నుంచి తలుపుల్లేనివాటి మీదికి, అక్కణ్ణుంచి నిగనిగలాడే వరస మీదికి పోయి, మళ్ళీ మొదటికొచ్చింది.

"నీళ్ళెక్కడ్నుంచి వస్తాయో చూడాలి" అంది చివరికి. "ఇప్పుడే."

షెడ్డు వెనక ఫిల్టరు గది. తాళంచెవి తెచ్చింది ఇస్త్రీ మేనేజరు. ఆయన కూర్చుంటే మడత పోతుందని నిలబడే భోంచేస్తాడని ఆఫీసులో చెప్పుకుంటారు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఆఖరికి బూట్లు కూడా తెలుపే. తాత మీద అనుమానం మొదట చెప్పింది ఈయనే.

"మిషను చక్కగా పనిచేస్తోంది. చెవి పెట్టి వినండి" అన్నాడు.

నిజమే, మిషను గుయ్యిమంటోంది. ముక్కుగారు చెవి పెట్టలేదు. మిషను కాలవలోకి వదిలే గొట్టం దగ్గర వంగాడు. ఫిల్టరు అన్నాక మంచినీళ్ళు అటు పంపి, మిగిలిన నీళ్ళు ఇటు కక్కాలి. గొట్టం మూతికి అడ్డంగా సాలీడు గూడు కట్టుకుంది. గూట్లో ఎండిన ఈగ కూడా ఉంది. సాలీడు అక్కడ కాపురం పెట్టి, వంట కూడా చేసుకుందన్నమాట.

"గుయ్యిమంటోంది నిజమే గానీ, ఉమ్మెయ్యట్లేదు" అన్నాడు ముక్కుగారు, మిషను పక్క రేకు లాగుతూ. లోపల ఫిల్టర్లు ఉండాల్సిన చోట ఖాళీ డొల్లలు. ఫ్యానొక్కటే తిరుగుతోంది.

డాక్టరమ్మ మేనేజరు వైపు తిరిగింది. "బాగుచేయించానన్నారు!"

"సామాను రావాలి మేడమ్. ఈలోపు మొక్కలు ఎండిపోకూడదని బావి నీళ్ళు కలిపించాను. నీళ్ళు నీళ్ళేగా!"

బావి గది పక్కనే, పిట్టగూడంత. లోపల బోరు మోటారు, దాన్నుంచి పైకి లేచిన లావుపాటి ఇనుప గొట్టం. దానికి రెండు పైపులు. ఒకటి కొత్తది, మెరుస్తూ షెడ్డు ట్యాంకు వైపు పోతోంది. రెండోది పాతది, తుప్పుపట్టి గోడ కిందకి దూరిపోయింది.

"ఇదెక్కడికి?"

"పాత లైను. దానికీ ఈ కేసుకీ సంబంధం లేదు" అన్నాడు మేనేజరు చటుక్కున.

అప్పుడు, పొద్దున్నుంచీ పస్తున్న ముక్కుకి తిండి దొరికింది. పెయింటు వాసన! సన్నగా, కానీ కొత్తది. గొట్టానికి ఆకుపచ్చ రంగు వేసి ఎక్కువ రోజులు కాలేదు. చీకటి గదిలో, ఎవరూ చూడని ఇనుప గొట్టానికి, చుట్టూ గోడలకి సున్నం కూడా లేని చోట, ఈ ముస్తాబు ఎవరికోసం? ముక్కుగారు జేబులోంచి తాళంచెవి తీసి గొట్టాన్ని గీరాడు. పచ్చ పెళ్ళ లేచింది. కింద ఎరుపు. ఇంకొంచెం గీరాడు. ఎరుపే. గొట్టం చుట్టూ పట్టీలాగా.

ఆయన కిందకి చూశాడు. మేనేజరు తెల్ల బూటు అంచున, చీమ తలంత, ఆకుపచ్చ చుక్క.

"రంగు మీరే వేశారా సార్? చొక్కా కాపాడుకున్నారు గానీ బూటు దొరికిపోయింది."

మేనేజరు కాలు వెనక్కి లాక్కున్నాడు. డాక్టరమ్మ ఎర్ర పట్టీని వేలితో ముట్టుకుంది. "నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు వేస్తారిది" అంది. "తాగకూడని బావికి."

ఆవిడ దాదాపు పరిగెత్తుతూ తన గదికి పోయింది. మిగతావాళ్ళు వెళ్ళేసరికి బల్ల మీద మూడు గాజు గొట్టాలు పెట్టి కొలుస్తోంది.

"ఈ రెండింట్లో ట్యాంకు నీళ్ళు. మూడోదాంట్లో మంచినీళ్ళలో నేనే కలిపిన నికార్సైన ఫాస్ఫేటు." పై అరలోంచి ఒక సీసా దించి, అందులో ఉప్పులాంటి పొడిని మొదటిదాంట్లో వెయ్యకుండా, రెండోదాంట్లోనూ మూడోదాంట్లోనూ వేసింది. ఓపిగ్గా కాసేపు ఆగింది. తర్వాత మూడింట్లోనూ నీలం తెప్పించే మందు వేసింది.

"ఇదేంటి మేడమ్, నిన్న ఇంత తతంగం లేదే?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నిన్న నేను మూర్ఖురాల్ని." ఆవిడ గొట్టాల మీద నుంచి చూపు తిప్పలేదు. "మేం భయపడేది ఫాస్ఫేటుకి ఒక్కదానికే. సబ్బు వద్దన్నాం, చెప్పులు వద్దన్నాం, నీళ్ళు పరీక్ష చేసినా అది ఉందా లేదా అనే చూశాం. నీలం కనపడగానే అదేనని మొహం గుర్తుపట్టేశాం. కానీ అచ్చం దాని పోలికలతో ఇంకోటుంది. ఎంత పోలికంటే, నా మందు కూడా దాన్ని చూసి నీలంగా తిరుగుతుంది. ఈ ఉప్పు వేస్తే మాత్రం దాని వేషం ఊడిపోతుంది. నీలం రాదు. నిజమైన ఫాస్ఫేటుకి ఈ ఉప్పు ఏమీ చెయ్యదు."

"ఏంటమ్మా అది?" అడిగాడు ముక్కుగారు.

"వేరుకి కళ్ళుండవు కదండీ. తలుపు దగ్గర ఆ పోలికలతో ఎవరొచ్చినా ఫాస్ఫేటే వచ్చిందనుకుని లోపలికి పిలుస్తుంది. ఎన్ని తలుపులుంటే అంత లోపలికి పోతుంది. అందుకే తిండిపోతులు ముందు పోయాయి. తలుపుల్లేనివి బతికిపోయాయి. అవతలి వరసలో నిజమైన ఫాస్ఫేటు గుమ్మాల దగ్గర కిక్కిరిసి ఉంది, వేషగాడికి సందు దొరకలేదు."

తాతని కూడా బేడీతోనే తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టారు. మొదటి గొట్టం అడుగున నీలం పొగలా మొదలైంది. తీరిగ్గా, ఎవరో పిలిచినట్టు, పైకి పాకింది. మూడోది కూడా నీలమైంది. రెండోది తేటగా ఉంది. ఇంకా తేటగానే ఉంది. ఇన్‌స్పెక్టరు కళ్ళు చికిలించి వంగాడు, సీసా ఎత్తి ఇంకో గుక్క తాగాడు, మళ్ళీ వంగాడు.

"అదే నీళ్ళు" అన్నాడు గొణుగుతూ. "రెండూ ఒకే ట్యాంకువి. దీన్లో నీలం ఏమైంది?"

"దీన్లో ఎప్పుడూ ఫాస్ఫేటు లేదు" అంది డాక్టరమ్మ. "ఇది ఆర్సెనిక్. పాషాణం."

ఆవిడ మొట్టమొదటిసారి తాత వైపు తిరిగింది. రెండు చేతులూ జోడించింది. తాత కంగారుపడిపోయి, "ఊరుకోండమ్మా, ఊరుకోండి" అంటూ బేడీ చేత్తోనే వారించాడు.

ముక్కుగారు మేనేజరు చొక్కా మడత మీద చెయ్యి వేశాడు. ఆ మనిషికి అంతకంటే పెద్ద అవమానం లేదు. "ఎర్రరంగు మీద పచ్చరంగు ఎందుకు పూశారు సార్?"

"నేనెవర్నీ చంపలేదు!"

"చంపారని నేననలేదుగా."

"పైపు బిగించేవాడు లోపలికొస్తాడు, ఎరుపు చూస్తే ఊరంతా చాటుతాడు. బావి మూస్తారు, దాంతోపాటు ఈ ఆఫీసూ మూస్తారు. ఆ ఎరుపు పూసినప్పుడు ఎవరికీ చెప్పకుండా గదికి తాళం వేసి ఊరుకున్నది నేనే. అది తెలిస్తే నా ఉద్యోగం ఉంటుందా?" మేనేజరు చెమటలు కక్కుతున్నాడు. ఇస్త్రీ మొత్తం తడిసి ఒంటికి అంటుకుపోయింది. "అయినా ఏమైందని ఇంత రాద్ధాంతం? నాలుగు మొక్కలు ఎండాయి! క్వార్టర్స్‌లో అంతమంది ఏళ్ళ తరబడి తాగుతున్నారు. ఎవడు చచ్చాడు?"

మాట నోట్లోంచి జారాక గానీ ఆయనకి తెలియలేదు, ఏమన్నాడో.

గోడ కిందకి దూరిన పాత పైపు ముక్కుగారి కళ్ళ ముందు కదిలింది. గోడకి అవతల పనివాళ్ళ ఇళ్ళు. వాటిని ఆనుకుని పోలీసు క్వార్టర్స్.

తాత తన అరచేతుల్ని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసుకుంటున్నాడు. "మా ఆవిడ దగ్గు..." అన్నాడు.

"ఏరా" అన్నాడు ముక్కుగారు. గొంతులో వెటకారం లేదు, పోటీ లేదు. పెళ్ళినాటి నుంచీ బామ్మర్దిని ఆయన అంత మెత్తగా పిలిచింది లేదు. "చెయ్యి చూపించు నాన్నా."

"ఎందుకు బావా?"

"చూపించు."

ఇన్‌స్పెక్టరు సీసా బల్ల మీద పెట్టి, చిన్నపిల్లాడిలా అరచెయ్యి చాపాడు. లాఠీ పట్టే చెయ్యి. బొటనవేలి మొదట్లో, వేళ్ళ కణుపుల కింద, సజ్జగింజల్లా గట్టి పొక్కులు.

"లాఠీ పట్టుకుని పట్టుకుని..." అని మొదలెట్టాడు. ఆగాడు. కిందకి, బూట్లలో ఉన్న తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత సీసా వైపు చూశాడు. సీసాలో సగానికి పైగా ఖాళీ.

"బావా, దానికి నెలలు నిండాయి" అన్నాడు. అంతే అన్నాడు. టోపీ కింద పడిపోయినా చూసుకోకుండా, తాళంచెవుల గుత్తి తాత చేతిలోకి విసిరేసి, గుమ్మంలో మేనేజర్ని భుజంతో నెట్టుకుంటూ బయటికి దూకాడు. మెట్ల మీద బూట్ల చప్పుడు దడదడమని దిగిపోయింది.

ముక్కుగారు ఫోను తీశాడు. బామ్మర్ది ఇంటి నంబరు నొక్కాడు. మోగింది. మోగింది. మోగింది.

"ఏమండీ!" అంది భార్య అవతల నుంచి, ఉత్సాహంగా. "ఇవాళ పొద్దున ఏం తిన్నారు? నిజం చెప్పండి, నాకు తెలిసిపోతుంది."

"విను. నేను చెప్పేది విను. కుళాయి నీళ్ళు..."

"అబ్బ, మీ గొంతేంటి బావిలోంచి వస్తున్నట్టుంది? ఒక్క నిమిషం ఉండండి. మరదలు పొద్దున్నుంచీ దాహం దాహం అంటోంది. ఓ గ్లాసుడు చల్లటి నీళ్ళు పట్టిచ్చి వస్తా."

"వద్దు! వద్దే! ఇవ్వద్దు!"

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. చెప్పుల చప్పుడు దూరమైంది. ముక్కుగారు ఫోన్లోకి అరుస్తూనే ఉన్నాడు. ఎక్కడో లోపలి గదిలోంచి, తేలిగ్గా, హాయిగా, కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.